కాయని నీరడి

మారేడ్‌పల్లి, సికింద్రాబాదు
1948 ఫిబ్రవరి 9, సోమవారం

చెల్లి సలోమికి,

అక్క కాంతమణి రాస్తున్నది. దేవుని దయవల్ల లేచి తిరుగుతున్నాను, మోకాళ్ళు మాత్రం నా మాట వినడం లేదు. నీకెలా ఉందో నువ్వుగా రాయవు, నేనే అడగాలి.

ఆలిస్ నీ దగ్గరికి వచ్చి ఎల్లుండికి మూడు నెలలు. నాకు అందినవి నాలుగు ఉత్తరాలు. నర్సు చదువంటే కష్టమని తెలుసు. కాని ఆ నాలుగింటిలోనూ ‘పిన్ని చేపల పులుసు’ అనే మాట ఉంది. నేనూ చేపల పులుసు చేస్తాను. ఇక్కడి చెరువు చేప మట్టివాసన వేస్తే అది నా తప్పా?

హాస్టల్లో చోటు లేదని నీ ఇంట్లో పెట్టుకున్నావు, మంచిదే. చోటు దొరకగానే అక్కడికి పంపెయ్యి. ఆడపిల్ల నలుగురితో ఉండటం నేర్చుకోవాలి. కుష్ఠు రోగుల పుండ్లు కడిగాక చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటుందో నువ్వు దగ్గరుండి చూడు. దాని జుట్టుకు ఆముదం పడదు, జలుబు చేస్తుంది. ఇవన్నీ నీకు తెలియవు గనక రాస్తున్నాను.

ఇక్కడ పరిస్థితి బాగులేదు. దండులో ఉన్న సిపాయిలు మూటాముల్లె కట్టుకొని వెళ్ళిపోయారు. ఉప్పు దొరకడం లేదు. రజాకార్లు కవాతు చేస్తూ పోతుంటే నేను కిటికీ మూసుకొని కూర్చుంటాను. మా ఆయన జకర్యా గారు ఉండగా ఇన్ని భయాలు లేవు. పెన్షను ఆఫీసులో ఆయన పోయారని నమ్మించడానికే ఏడాది పట్టింది, ఆ సంగతి వేరే.

నా నీరడి చెట్టు ఈ ఏడూ పూసింది. గుత్తులు గుత్తులుగా, ఆకుపచ్చ కలిసిన తెల్లపూలు. మళ్ళీ అన్నీ రాలిపోతాయి, నాకు తెలుసు. నలభై రెండేళ్ళుగా చూస్తున్నాను. నాన్న ఆ కుష్ఠు ఆసుపత్రిలో కాంపౌండరుగా ఉన్నప్పుడు, మందు నూనెకని మలబారు నుంచి తెప్పించిన గింజల్లో మూడు మొలిచాయి. నీ మొక్క ఇంటి ముందు నాటారు, నువ్వప్పటికి గౌను వేసుకొని తిరిగేదానివి. నాది నా పెళ్ళినాడు కుండలో పెట్టి నాతోపాటు రైలెక్కించారు. మూడోది ఆఫీసు వెనక నాటారు. ఒకే తండ్రి చేతి గింజలు. నీది ఎనిమిదో ఏట కాసింది. నాది ఇన్నేళ్ళయినా ఒక్క కాయ చూపించలేదు. నాన్న నీకు మంచి మొక్క ఏరి ఇచ్చాడేమోనని నేను ఎప్పుడూ అనలేదు. అనుకున్నాను, అంతే.

ఈ ఏడు నీకు ఎన్ని కాయలు?

నీ అక్క,
కాంతమణి

*

ఆసుపత్రి కాంపౌండు, కాలువగట్టు
తూర్పుగోదావరి జిల్లా
1948 మార్చి 4

అక్కా,

నీ ఉత్తరం చూసి సంతోషించాను. ‘నీకు తెలియవు గనక రాస్తున్నాను’ అన్నచోట నవ్వాను. నలుగురు పిల్లల్ని పెంచానమ్మా తల్లీ, ఆముదం గురించి నాకూ కొంచెం తెలుసు.

కాయలు నూట పదకొండు. నువ్వడిగావు గనక లెక్కపెట్టించాను. వెలగకాయంత ఉన్నాయి. పైన గోధుమరంగు నూగు, చేత్తో రాస్తే పిల్లి వీపులా ఉంటుంది. పెంకు చెక్కలా గట్టిది. ఆలిస్ మధ్యాహ్నం డ్యూటీ దిగాక చెట్టు కింద పీట వేసుకొని సుత్తితో పగలగొడుతుంది. లోపల గుజ్జులో పదిహేనో ఇరవయ్యో గింజలు ఇరుక్కొని ఉంటాయి. వాటిని ఎండబెట్టి ఆసుపత్రికి పంపితే నూనె తీసి రోగులకు సూదులు వేస్తారు. గుజ్జును మాత్రం కాలువలో పారెయ్యొద్దని దానికి వందసార్లు చెప్పాను. చేపలు మత్తెక్కి పైకి తేలతాయి, వాటిని తిన్నవాడు వాంతులు చేసుకుంటాడు. నాన్న మనకు చెప్పినట్టే చెప్పాను. ‘పిన్నీ, మందు చెట్టా, విషం చెట్టా?’ అని అడిగింది. రెండూనే అన్నాను.

డాక్టరు దొరసాని మెచ్చుకుంటోంది. పుండు చూసి ముఖం తిప్పుకోని పిల్ల ఇన్నేళ్ళలో ఇదేనట. అక్కా, అది సుత్తి పక్కన పెట్టి తల వెనక్కి వాల్చి నవ్వుతుంటే అచ్చం మన అమ్మే.

అన్నట్టు, ఆఫీసు వెనక ఉన్న ఆ మూడో నీరడి, కిందటి అక్టోబరు గాలివానకు వేళ్ళతో సహా పడిపోయింది. అది ఎప్పుడూ కాయలేదు గనక ఎవరూ బాధపడలేదు. వంటచెరకు చేశారు. బాగా మండింది.

ఆరోగ్యం జాగ్రత్త. నాకేం, రాయిలా ఉన్నాను.

సలోమి

*

మారేడ్‌పల్లి
1948 ఏప్రిల్ 12

సలోమీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదవడానికి తక్లీఫ్ ఏమీ లేదు, ఒక్కొక్క అక్షరం చింతగింజంత రాశావు. పేజీకి ఎనిమిది వరుసలు. నేను మూడో తరగతితో బడి మానేశానని, నువ్వు ఎనిమిది దాకా చదివావని నాకు గుర్తే. బడిపిల్లకు రాసినట్టు రాసి మరీ గుర్తు చెయ్యనక్కరలేదు.

కాయని చెట్టును పొయ్యిలో పెట్టారన్నావు. బాగా మండిందన్నావు. ఎవరిని దృష్టిలో పెట్టుకొని రాశావో నాకు అర్థమైంది.

అమ్మలా నవ్విందన్నావు. ఎవరి ముందైనా అన్నావా ఆ మాట? ఆలిస్ ముందు అన్నావా? సలోమీ, నలభయ్యో రోజున దాన్ని నా ఒళ్ళో పెట్టినప్పుడు మనమిద్దరం బైబిలు మీద చెయ్యి వేసి ఏమనుకున్నామో మరిచిపోయావా? కన్నది నువ్వు, పెంచేది నేను, ఆ సంగతి మనతోనే మట్టిలోకి పోవాలి అనుకున్నాం. నీకు అప్పటికే నలుగురు. నాకు ఎవరూ లేరు. నువ్వు ఇచ్చావు, కాదనను. కాని ఇచ్చినది ఇరవై రెండేళ్ళ తర్వాత చేపల పులుసు పెట్టి వెనక్కి లాక్కుంటారా? నువ్వు దానికి చెప్పేశావా లేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. మిగతావేమీ రాయకపోయినా సరే.

పక్కింటి పుష్పమ్మ నిన్న వచ్చి చెట్టు చుట్టూ తిరిగి చూసింది. “ఏందక్కా, గింత పూత పూస్తది, ఒక్క కాయ సుత నిలవది. గొడ్డు చెట్టును ఇంటి ముందల ఎట్ల పెట్టుకున్నవ్?” అంది. ఆ మాట చెట్టునే అందని నన్ను నేను ఎంత సముదాయించుకున్నా అన్నం దిగలేదు. మొదట్లో చేపతలలు పాతాను. తర్వాత మేకు కొట్టించాను. ఏమీ లాభం లేదు.

జవాబు రాయి.

కాంతమణి

*

కాలువగట్టు
1948 జూన్ 20

అక్కా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. కవరు ఎవరో విప్పి మళ్ళీ అతికించినట్టు ఉంది, ఈ రోజుల్లో నైజాం నుంచి వచ్చే ప్రతిదీ అంతేనట.

అక్షరాలు పెద్దవని కోపమా? కాగితం ఉంది, రాశాను. ఇంతదానికి చదువు సంగతి ఎందుకే?

ఇక్కడ ఎండలు మండిపోయాయి. కోడి పదకొండు గుడ్లు పొదిగితే తొమ్మిది పిల్లలు లేచాయి. పెద్దవాడు లూకాకు విశాఖపట్నం బదిలీ అయింది. నా చెట్టు సంగతి వింత. ఎప్పటిలాగే పూసింది, తీరా చూస్తే ఒక్క పిందె లేదు. ఇప్పుడు నీకు సంతోషమేనా?

ఊరికే అన్నాను. నిజానికి నాకు బెంగగానే ఉంది. కొత్తగా ఏవో మాత్రలు వస్తున్నాయని, ఇక నూనె సూదుల అవసరం ఉండదని దొరసాని అంటోంది. కాని ఆ మాత్రలు నూరుగురికి ఒకరికి కూడా అందడం లేదు. అందేదాకా రోగులు నా కాయలకోసమే చూస్తారు.

హైదరాబాదు వార్తలు వింటే గుండె దడగా ఉంది. రైళ్ళు నిండా జనం బెజవాడకు వస్తున్నారట. నువ్వూ వచ్చెయ్యి. తాళం వేసి వచ్చెయ్యి. ముగ్గురం ఒకచోట ఉంటాం. ఒంటరిదానివి, అక్కడ ఎవరికోసం ఉండాలి?

ఆలిస్ ఈ మధ్య మాట తగ్గించింది. పరీక్షలని అనుకుంటున్నాను.

సలోమి

*

మారేడ్‌పల్లి
1948 ఆగస్టు 22

సలోమీ,

కోడిపిల్లల సంగతి రాశావు. లూకా బదిలీ రాశావు. నేనడిగిన ప్రశ్నకు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. చాలు, జవాబు అందింది. చెప్పేశావన్నమాట.

అందుకే ఆలిస్ నాకు రాసే ఉత్తరాలు చిక్కిపోయాయి. ‘అమ్మా, క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను.’ అంతే. నా కూతురు నాకు తపాలా కార్డు గుమాస్తాలా రాస్తోంది. మాట తగ్గించిందని నాకు చెబుతున్నావా? తగ్గించకేం చేస్తుంది?

ఎవరికోసం ఉండాలని అడిగావు చూడు, ఆ మాట రాత్రీ పగలూ నా చెవిలో గింగురుమంటోంది. నాకు ఎవరూ లేరని నువ్వే అనాలి, ఎందుకంటే ఉన్న ఒక్కదాన్నీ ఇచ్చింది నువ్వు, తీసుకున్నదీ నువ్వు. నేను రాను. ముగ్గురం ఒకచోట ఉంటే అది ఎవరి పక్కన కూర్చుంటుందో చూస్తూ ఉండే ఓపిక నాకు లేదు. పరీక్షలు అయిన వెంటనే ఆలిస్‌ను ఇంటికి పంపు. ఇది దాని ఇల్లు.

ఇంకొకటి. నీ చెట్టు కాయకపోతే నాకు సంతోషమా అని అడిగావు. అవును, ఆ సాయంత్రం ఒక పూట సంతోషించాను. తర్వాత ప్రార్థన చేసుకున్నాను. కాని సంతోషించాను, అబద్ధం ఎందుకు?

పుష్పమ్మ ఒక ఉపాయం చెప్పింది. కాయని చెట్టును భయపెట్టాలట. ఒకడు గొడ్డలి ఎత్తి కొడతానంటాడు, ఇంకొకరు అడ్డం వచ్చి, “ఆగు, ఆగు, వచ్చే ఏడు కాస్తది” అని చెట్టు తరఫున మాట ఇస్తారు. మూడుసార్లు అలా చేస్తే చెట్టు సిగ్గుపడి కాస్తుందట. చర్చికి పోయేదాన్ని నాకు ఇవన్నీ ఏమిటి అనిపించింది. అయినా కట్టెలు కొట్టే బిక్షంకు చెప్పాను. గొడ్డలి ఎత్తడానికి బిక్షం ఉన్నాడు. ఆగు అనడానికి ఇంట్లో మనిషి ఉండాలి కదా. నా ఇంట్లో ఎవరున్నారు? పుష్పమ్మే వస్తానంది.

కాయకపోతే నిజంగానే కొట్టించేస్తాను. నా పొయ్యిలో కూడా బాగా మండుతుంది.

కాంతమణి

*

కాలువగట్టు
1948 సెప్టెంబరు 6

అక్కా,

చేతిరాత చూసి ఉలిక్కిపడి ఉంటావు. ఇది ఆలిస్ రాత. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. ఆపకుండా, మార్చకుండా రాయమన్నాను.

నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి అక్కా. సంక్రాంతి దాటాక బాగా ముదిరాయి. మనిషి వచ్చి నిలబడితే నీడలా కనబడతాడు. రాయడం చెయ్యి అలవాటుమీద రాస్తున్నాను, పెద్దగా రాస్తేనే వరుస తప్పకుండా పోతుంది. నీకు తెలిస్తే నిద్రపోవు. పైగా గుడ్డిదానికి చాకిరీ చెయ్యడానికి ఆలిస్‌ను ఉంచుకున్నానంటావు. అందుకని రాయిలా ఉన్నానని రాశాను. నీ ఉత్తరాలు మార్చి నుంచి ఆలిసే నాకు చదివి వినిపిస్తోంది.

ఇప్పుడు తెలిసిందా ఏమైందో?

ఏప్రిల్‌లో నువ్వు రాసిన ఉత్తరం చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. “పిన్నీ, ఇక్కడ సిరా చెదిరింది, కనబడటం లేదు” అంది. తర్వాత పుష్పమ్మ దగ్గర మళ్ళీ అందుకుంది. నేను నమ్మాను. నువ్వు ఏ ప్రశ్న వేశావో నాకు తెలియనే తెలియదు. అందుకే కోడిపిల్లల సంగతి రాశాను. మొన్న నీ ఉత్తరంలో ‘అడిగిన ప్రశ్నకు జవాబు లేదు’ అని వచ్చేసరికి, ఏ ప్రశ్నే అని అడిగాను. లేచి వెళ్ళింది. తర్వాత పెట్టెలోంచి పాత ఉత్తరం తెచ్చి, వదిలేసిన ముక్క మొత్తం చదివింది. ఎక్కడా ఆగలేదు. నేనే చెవులు మూసుకున్నాను.

ఇరవై రెండేళ్ళు నేను నోరు విప్పలేదు అక్కా. నీ ఉత్తరమే విప్పింది.

నువ్వు బాధపడాలని రాయడం లేదు. ఆ మూడు నెలలూ అది తెలిసి కూడా నన్ను పిన్ని అనే పిలిచింది, నీకు అమ్మా అనే రాసింది. అదీ గమనించు.

ఇక చెట్టు సంగతి ఆలిస్ రాస్తుంది, నాకు ఆ మాటలు సరిగ్గా రావు.

సలోమి

అమ్మా,

చెట్టు కొట్టించకు. దణ్ణం పెడతాను, కొట్టించకు.

ఇక్కడి చెట్టు ఎందుకు కాయలేదని దొరసానిని అడిగాను. నీరడిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అంది. మొలిచినప్పుడూ పెరిగినప్పుడూ ఒకేలా ఉంటాయి. అదే పొడుగాటి ఆకు, అదే రంపపు అంచు. పూస్తేగాని తెలియదు. మగపువ్వులో ఐదు కేసరాలు, వాటిమీద పసుపుపచ్చ పొడి, నడుమ ఏమీ ఉండదు. ఆడపువ్వులో నడుమ నూగు పట్టిన చిన్న బుడిపె ఉంటుంది, అదే కాయ అవుతుంది. ఆ పొడి వచ్చి పడకపోతే ఆడచెట్టు ఎంత పూసినా రాలిపోతుంది.

ఆఫీసు వెనక పడిపోయినది మగచెట్టు. ఇన్నేళ్ళూ పిన్ని చెట్టు కాసింది దానివల్లే. కాయలేదని దాన్ని పొయ్యిలో పెట్టారు.

గుత్తులుగా పూసి ఒక్క పిందె లేకుండా రాలిపోతుందని నీ చెట్టు గురించి చెప్పాను. ‘గుత్తులుగానా? ఆడచెట్టు ఒంటిపూలే పూస్తుంది’ అంటూ దొరసాని కుర్చీలోంచి లేచింది. అది గొడ్డుది కాదమ్మా. మాకు తెలిసినంతలో ఉన్న మగచెట్టు అదొక్కటే. అది పూసేవేళకు నేను వస్తాను.

ఆలిస్

*

మారేడ్‌పల్లి
1948 సెప్టెంబరు 28

సలోమీ,

బతికే ఉన్నాను. ముందు అది రాయాలి.

తపాలా మొన్నటిదాకా లేదు. నువ్వు నాకు రాశావో లేదో తెలియదు, అయినా రాస్తున్నాను. పదమూడో తారీకు సోమవారం పొద్దున బిక్షం గొడ్డలి పట్టుకొని వచ్చాడు. పుష్పమ్మ రావాలి, రాలేదు. ఏదో గడబిడ అవుతోందని వాళ్ళాయన తలుపు తియ్యనివ్వలేదట. బిక్షం గొడ్డలి ఎత్తాడు. “కొడతున్ననమ్మా” అన్నాడు. ఎవరూ ఆగమనలేదు. నా వైపు చూశాడు. రెండోసారి ఎత్తాడు. “అమ్మా, ఎవలన్న ఆగుమనాలె గద” అన్నాడు.

నేను అనొచ్చు సలోమీ. నాకు నోరుంది. కాని ఆ క్షణాన నీ నూట పదకొండు కాయలు కళ్ళముందుకు వచ్చాయి. సుత్తి పట్టుకొని నీ చెట్టుకింద కూర్చున్న నా కూతురు కనబడింది. “కొట్టు” అన్నాను.

కొట్టాడు. నూతి వైపు ఉన్న రెండు పెద్ద కొమ్మలు పడ్డాయి. మొదలుమీద కూడా ఒక వేటు పడింది. అంతలో పైన విమానాలు వచ్చాయి. ఇల్లు అదిరింది. “జెర ఆగుండ్రి అమ్మా, పైన ఏందో వస్తుంది” అంటూ గొడ్డలి అక్కడే పారేసి పరుగెత్తాడు. ఇంతవరకు రాలేదు. గొడ్డలి చెట్టుకు ఆనించి అలాగే ఉంది.

తర్వాత ఐదు రోజులు తలుపు తియ్యలేదు. శుక్రవారం నైజాం లొంగిపోయాడని వీధిలో కేకలు, టపాకాయలు. పుష్పమ్మ చక్కెర తెచ్చి నోట్లో పోసింది. మూలయింటి బీబీ మాత్రం పిల్లల్ని తీసుకొని పెరటిదారిన వచ్చి నా వంటింట్లో రెండు రోజులు కూర్చుంది. ఎవరికి సంతోషమో ఎవరికి భయమో నాకు అర్థం కాలేదు. అందరికీ గంజి కాచాను. భయపడటం నాకు అలవాటే గనక నాకే తక్కువ ఇబ్బంది అయింది.

ఇంతవరకు రాసి నీళ్ళు తోడుకోవడానికి లేచాను. తపాలా అతను వచ్చాడు. మీ సెప్టెంబరు ఆరో తారీకు ఉత్తరం.

సలోమీ, నేను మెట్టుమీద కూర్చుండిపోయాను.

నీ కళ్ళు పోతుంటే అక్షరాలు పెద్దవని పోట్లాడాను. నువ్వు దాచినదాన్ని నేనే కాగితంమీద పెట్టి, నాలుగణాల సిరాతో రాసి, దాని చేతికే పంపించాను. అది మూడు నెలలు ఒక్కతే మోసింది. ‘అమ్మా, క్షేమం’ అని రాసిందని నేను కార్డు గుమాస్తా అన్నాను. ఆ మాట కూడా అదే చదివిందా? చదివే ఉంటుంది.

వెళ్ళి చెట్టు చూశాను. సగం ఉంది. వీధివైపు కొమ్మలు నాలుగు ఉన్నాయి. వేటు పడినచోట పేడ, బంకమట్టి కలిపి పూసి నా పాత చీర చింపి కట్టాను. బతుకుతుందో లేదో. ఆలిస్‌కు చెప్పు. వద్దు, చెప్పకు. అదే కదా చదివేది.

ఆలిస్, సగం కొట్టించాను. ఉన్నది సగమే.

కాంతమణి

*

కాలువగట్టు
1949 జనవరి 11

అక్కా,

ఇదీ ఆలిస్ రాతే, మాటలు నావి.

నీ చెట్టు మొగ్గ వేసిందని రాసిన కార్డు అందింది. ఇక్కడ దొరసాని ఆ కార్డు తీసుకొని వార్డు వార్డుకూ తిరిగింది. రోగుల్లో జంగయ్య అని మీ నల్లగొండ వైపు ముసలాయన ఉన్నాడు, పదేళ్ళుగా సూదులు వేయించుకుంటున్నాడు. “మా దిక్కు చెట్టేనా? అయితే పట్టుదల గలది” అన్నాడు.

నా చెట్టుకూ మొగ్గలు వచ్చాయి. ఆలిస్‌కు పది రోజులు సెలవు ఇచ్చారు. ఫిబ్రవరి మొదట్లో వస్తుంది. మూతబిగువున్న రేకు డబ్బా ఒకటి సిద్ధంగా ఉంచు. విచ్చిన పూలు తడిగుడ్డలో చుట్టి పెట్టుకొని మర్నాటికల్లా ఇక్కడికి చేరాలి. ఈకతో ఆ పొడి తీసి ఒక్కొక్క పువ్వుకూ అద్దాలట. నాన్న ఉంటే నవ్వేవాడు.

నా కళ్ళకు ఫిబ్రవరి ఇరవై రెండున ఆపరేషను. వారం రోజులు గుడ్డ కట్టి పడుకోబెడతారు. ఆలిస్ తోడుంటుంది. దానికి నువ్వు ఒప్పుకుంటావా అని అడగమంది. అవును, అదే అడగమంది.

రాయిలా లేను. కొంచెం భయంగా ఉంది.

సలోమి

*

మారేడ్‌పల్లి
1949 ఫిబ్రవరి 14, సోమవారం

చెల్లీ,

మన పిల్ల నిన్న బండెక్కింది. ‘మన’ అని రాశాను, చూశావా. రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

అది వచ్చేముందు వారం రోజులు ఏం చెప్పాలో వల్లెవేసుకున్నాను. అది గుమ్మంలో పెట్టె దించి, “అమ్మా, ఆకలి” అంది. నేర్చుకున్నదంతా పోయింది. అన్నం పెట్టాను. చెరువు చేప పులుసే, చింతపండు ఎక్కువ వేసి. మట్టివాసన వేస్తోందని అంది. అని, మళ్ళీ వడ్డించుకుంది.

తిన్నాక చెట్టు దగ్గరికి వెళ్ళింది. చీరకట్టు విప్పి చూసింది, గాటు అంచులు మూసుకుంటున్నాయంది. బిక్షం గొడ్డలి ఇంకా అక్కడే ఉంది. అది చేత్తో ఎత్తి నాకు చూపించి, “ఆగు, ఆగు అనడానికి నేను లేనని తొందరపడ్డావా?” అంది. నాకు ఏడుపు వచ్చింది. దానికి నవ్వు వచ్చింది. సలోమీ, నువ్వు రాసింది నిజమే. అమ్మ నవ్వే. నేను ఇరవై రెండేళ్ళుగా చూస్తూ చూడనట్టు ఉన్నాను.

ఒక పువ్వు కోసి విప్పి చూపింది. “ఇదుగో, నడుమ ఏమీ లేదు చూడు” అంది. “అంటే ఖాళీయే కదే” అన్నాను. “ఖాళీ అయితే మా దొరసాని నన్ను ఇంత దూరం పంపుతుందా?” అని ఆ పసుపుపొడి నా వేలికి రాసింది. గంధం కంటే మెత్తగా ఉంది. సాయంత్రం దాకా చెయ్యి కడుక్కోలేదు.

నేను భయపడినదేమీ అది అడగలేదు. ఒక్కటే అడిగింది, నలభై రోజుల పిల్లను ఏ పాలతో పెంచావని. బిక్షం వాళ్ళమ్మ మేక పాలతో, ఆ మేకకు తెల్లచెవి అని చెప్పాను. రోజుకు ఎన్నిసార్లు పట్టాను, ఎలా కక్కేది, ఏ పాట పాడితే తాగేది, అన్నీ చెప్పాను. చెబుతూ ఉంటే పొద్దు వాలిపోయింది. అది చెంప కింద చెయ్యి పెట్టుకొని విన్నది. అంత సేపు నా మాట ఎవరూ వినలేదు.

పూలు డబ్బా నిండా ఇచ్చాను. వీధివైపు కొమ్మల్లో ఒక్కటి కూడా మిగల్చలేదు. పుష్పమ్మ గోడమీదనుంచి చూసి, “ఏందక్కా, పూలన్నీ ఊరికే పంచిపెడుతున్నవ్?” అంది. “మా వియ్యాలవారింటికి” అన్నాను. ఇంకా నోరు తెరుచుకొనే ఉంది.

కాయలు కాస్తే సగం నావి. ఇది ముందే చెబుతున్నాను. గింజలు ఆసుపత్రికి ఇవ్వు, నాకు ఒక కాయ చాలు, బల్లమీద పెట్టుకుంటాను, పుష్పమ్మ కూర్చునే చోట.

ఆపరేషనుకు ఆలిస్ నీ పక్కన ఉంటే నాకు అసూయ లేదని రాయాలని ఉంది. రాయలేను. ఉంది. గుడ్డ కట్టిన కళ్ళతో నువ్వు దాని చెయ్యి పట్టుకొని పడుకుంటావు, నేను ఇక్కడ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ ఆ చెయ్యినే తలుచుకుంటాను. అయినా ఒప్పుకున్నాను. దాన్ని ఒప్పుకోవడం అంటారో ఇంకేమంటారో.

ఆలిస్, ఇది చదువుతున్నది నువ్వే కదా. ఇక్కడ సిరా చెదిరిందని చెప్పు. ఇది పైకి చదవకు.

కళ్ళకు గుడ్డ కట్టి ఉన్నప్పుడు, ఒక రోజున, మందు వేసే వేళకో మంచినీళ్ళు ఇచ్చే వేళకో, మీ పిన్నిని ఒక్కసారి అమ్మా అని పిలువు. నేను పిలవమన్నానని చెప్పకు. ఒక్కసారే తల్లీ. రెండోసారి పిలిస్తే నాకు ఇక్కడ తెలిసిపోతుంది.

ఇక గట్టిగా చదువు.

సలోమీ, పిందె పడితే రాయి. పడకపోయినా రాయి. చిన్న అక్షరాలతో రాయి.

కాంతమణి